రాగి వైపు

సర్వీసుకొచ్చినవాడు పంపు పెట్టెకున్న నాలుగు మరలూ ఊడదీసి, లోపలికి ఒక్క చూపు చూసి, మళ్ళీ నాలుగు మరలూ బిగించాడు.

"బోర్డు పోయిందండి."

"అయితే మార్చు," అన్నాడు ఇంటతను.

"బోర్డు విడిగా రాదండి. పెట్టె మొత్తం కొత్తది తీసుకోవాలి. ఈ మోడలు ఆపేశారు. కొత్త పెట్టె గొట్టాలు పాత పరుపుకి పట్టవు. కాబట్టి పరుపు కూడా తీసుకోవాలి."

"పరుపు బాగానే ఉందిగా."

"పరుపు బాగానే ఉందండి," అని వాడు ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడానికి వాడికేం బాధ లేదు.

మంచం మీద నుంచి అతని భార్య అంది. "మనిషిని కూడా మార్చమంటాడేమో అడగవయ్యా. మోడలు పాతదేగా."

వాడు నవ్వాలో వద్దో తెలియక చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ పరుపు గాలి పరుపు. అడ్డంగా గొట్టాలు గొట్టాలుగా ఉంటుంది. పంపు ఒక వరసకి గాలి నింపి, పక్క వరసకి తీస్తుంది. కాసేపటికి దీన్ని తీసి దాన్ని నింపుతుంది. పడుకున్న మనిషి బరువు ఒకేచోట ఉండిపోకుండా ఒంటి కింద చోటు మారుతూ ఉంటుంది. కదల్లేని మనిషికి అదే కదలిక. మెడ నుంచి కిందికి ఏదీ ఆమెది కాదు. నోరు మాత్రం ఆమెదే, అది పూర్వం కంటే పదునుగా పనిచేస్తోంది.

పంపు ఆగిన రోజు నుంచి అతను రెండు గంటలకోసారి ఆమెని చేతుల్తో తిప్పుతున్నాడు. ఒకసారి గోడ వైపు, ఒకసారి గుమ్మం వైపు, ఒకసారి వెల్లకిలా. సెల్‌ఫోన్‌లో గంట పెట్టుకున్నాడు. గంట మోగితే చేతిలో ఏ పనున్నా వదిలేసి లేవాలి. ఒక చెయ్యి భుజం కిందికి, ఒక చెయ్యి తుంటి కిందికి పోనిచ్చి, ఊపిరి బిగబట్టి తిప్పాలి. మోకాళ్ళ మధ్య దిండు పెట్టాలి. దుప్పటి ముడత సాపు చేయాలి. ముడత కూడా కోస్తుంది ఆ ఒంటిని.

అతను మోటార్లకి తీగ చుట్టే మేస్త్రి. కాలిపోయిన మోటారు బాగు చేయించుకునే రోజులు పోయి, పారేసి కొత్తది కొనుక్కునే రోజులొచ్చాక అతను పనిచేసే షాపు మూతపడింది. దూరపు ఊళ్ళో ఒక మిల్లు వాళ్ళు రమ్మన్నారు. అక్కడ పెద్ద పెద్ద పాత మోటార్లున్నాయి. వచ్చే సోమవారం పొద్దున గేటు దగ్గరుండాలి, లేకపోతే ఇంకొకడు ఉంటాడు. అంత తేల్చి చెప్పారు.

"మిషను నడుస్తుంటే పొద్దునా సాయంత్రం వచ్చి నేను చూసుకుంటాను మరిదీ," అంది వదిన, అంటే ఆమె అక్క. "మిషను లేకపోతే నా వల్ల కాదు. నాకూ ఒక కొంప ఉంది, నాకూ ఒక నడుముంది."

అది నిజం. 

పుండ్లకి కట్టు కట్టే నర్సమ్మని అడిగాడు. "మిషను ఉండి, రెండుపూటలా తిప్పితే సరిపోతుందా?"

"సరిపోదు. గడుస్తుంది," అంది నర్సమ్మ.

గడిస్తే చాలనుకున్నాడు. వెళ్ళక తప్పదు, అది అందరికీ చెప్పే మాట. వెళ్ళాలని ఉంది, అది ఎవరికీ చెప్పని మాట. రెండు గంటల పాటు ఎవరూ పిలవని చోట, ఇనుము వాసన మధ్య, నిలబడి పనిచేయాలని ఉంది అతనికి. ఆ మాట అతను అనలేదు. కానీ మంచాన పడ్డవాళ్ళకి అనని మాటలే ముందు వినిపిస్తాయి.

*

పాత బోర్డు మీద కంపెనీ వాళ్ళు తారులాంటి నల్ల ముద్ద పోశారు. ఎవడూ లోపలికి చూడకూడదని. అతను గోరుతో గీకి చూసి వదిలేశాడు. అదేం చేసేదో తెలిస్తే చాలు, ఎలా చేసేదో తనే చూసుకోవచ్చు. ఇంతసేపు ఈ గాలి తలుపు తెరిచి, ఇంతసేపు ఆ గాలి తలుపు తెరవాలి. ముందు తీగలతోనే అల్లి చూశాడు. పంపు వణుకుడికి పూటకో అతుకు ఊడింది. అచ్చమైన బోర్డు కావాలి, పెట్టెలో గట్టిగా కూర్చునేది.

పార్టుల కొట్టతను ఒక పాత కంప్యూటరు అరువిచ్చి, అందులో బోర్డులు గీసే సాఫ్ట్‌వేరు వేసిచ్చాడు. దాన్ని మంచం పక్కనే, గుమ్మానికి ఇవతల, ఆమె కుట్టుమిషను బల్ల మీద పెట్టాడు. కుట్టుమిషను తల కిందికి దించేసి ఉంది. ఆమె పడ్డ రోజు నుంచి అది తలెత్తలేదు.

ఎనిమిది కాళ్ళ చిన్న చిప్పొకటి, పదహారు కాళ్ళ పెద్ద చిప్పొకటి, గాలి తలుపులు మార్చే రిలే స్విచ్చు, నాలుగు చిల్లర సామాన్లు. తెర మీద వాటిని పేరిస్తే ఏ కాలికి ఏ కాలు కలవాలో చూపిస్తూ సన్నగీతలు పుట్టుకొచ్చాయి. అంతా చిక్కుపడ్డ సాలెగూడు. ఒక్కొక్క గీతనే పట్టుకుని రాగి దారిగా మార్చాలి. బోర్డుకి ఒకవైపే రాగి ఉంటుంది కనక ఏ దారీ ఇంకో దారిని దాటకూడదు. దాటితే కాలిపోతుంది.

అతను గీసేవాడు, చెరిపేవాడు. పెద్ద చిప్పుని పక్కకి జరిపి, రిలేని తలకిందులు చేసి, మళ్ళీ మొదటికొచ్చేవాడు. గంట మోగితే లేచి తిప్పి వచ్చి కూర్చునేవాడు. గుమ్మం వైపు తిప్పినప్పుడు ఆమె కళ్ళు తెర మీదే ఉండేవి.

"ఆ పచ్చగీత ఎక్కడికి పోవాలి?"

"రిలేకి."

"మధ్యలో ఆ లావుది అడ్డం పడుకుందిగా."

"అదే చూస్తున్నా."

"దాన్నెందుకు కదుపుతావ్? చిన్న చిప్పు పొట్ట కింద నుంచి పోనీ. రెండు వరసల కాళ్ళ మధ్య అంత ఖాళీ ఉంది. చంకలో ముక్క పెట్టి కుట్టినట్టు."

అతను పోనిచ్చాడు. పోయింది.  ఆ పూట ఆమె మందు నీళ్ళు పేచీ పెట్టకుండా మింగింది.

శుక్రవారం మధ్యాహ్నానికి సన్నగీత ఒక్కటీ మిగల్లేదు. గాలి తలుపుల తీగలు తగిలించే చోట ఎడమకి ఎల్, కుడికి ఆర్ అని రెండు అక్షరాలు కూడా రాగిలోనే పెట్టాడు. తప్పులేమైనా ఉన్నాయా అని సాఫ్ట్‌వేరుని అడిగితే ఒక్క తప్పూ లేదంది. అతను రెండు చేతులూ వెనక్కి విరిచాడు.

"అయిపోయిందా?" అంది ఆమె.

"గీయడం అయింది. ఇల్లలకగానే పండగా?"

ప్రింటు పేజీలో చిన్న గడి ఒకటుంది. అందులో టిక్కు పెడితే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. తీగ చుట్టేవాడికి ఇది కొత్త కాదు. మోటారుకి ఇటు నుంచి చూస్తే కుడికి తిరిగేది అటు నుంచి చూస్తే ఎడమకి తిరుగుతుంది. ఇది మరిచినవాడు మేస్త్రి కాడు. ప్రింటు నలుపు రాగికి అంటాలని కాగితాన్ని రాగి మీద బోర్లించి ఇస్త్రీ చేస్తాం కాబట్టి బొమ్మ తిరగబడుతుంది. అందుకని ముందే తిప్పి ఉంచాలి. అతను టిక్కు పెట్టాడు. రెండోసారి ఆలోచించలేదు. తెలియని పనికి రెండుసార్లు ఆలోచిస్తాడు మనిషి, తెలిసిన పనికి ఆలోచించడు.

జిరాక్సు కొట్టువాడు పాత పత్రికలోంచి చింపి తెచ్చిన నున్నటి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "సినిమా నటి మొహం మీద చీమల బారు ప్రింటు కొట్టమంటావేంటి గురూ?"

"నల్లగా రావాలి. సైజు మారకూడదు."

ప్రింటు బయటికొచ్చాక వాడు మళ్ళీ అన్నాడు. "అక్షరాలు తిరగబడ్డాయి, చూసుకున్నావా?"

"తిరగబడాలి. ఇస్త్రీ చేస్తే సరౌతుంది."

"నువ్వు మేస్త్రివి, నాకేం తెలుసు," అన్నాడు వాడు.

ఒకవైపు రాగి రేకున్న పలకని గిన్నెలు తోమే పీచుతో మెరిసేదాకా రుద్దాడు. మూలనున్న ఆమె ఇస్త్రీపెట్టె తీసి దుమ్ము తుడిచాడు. బరువైన పాత పెట్టె. కాగితాన్ని రాగి మీద బోర్లించి, దాని మీద బట్ట వేసి, ఒంటి బరువంతా మోపి అదిమాడు.

"మూలలు వదిలెయ్యకు. అందరూ నడిమధ్యే రుద్దుతారు," అంది ఆమె.

మూలలు రుద్దాడు. నీళ్ళలో నానేసి బొటనవేలితో కాగితం వలిచాడు. మెత్తగా, పీలికలు పీలికలుగా ఊడింది. నల్లగీతలు రాగికి కరుచుకుని ఉండిపోయాయి. ప్లాస్టిక్ డబ్బాలో గోధుమరంగు మందు పోసి, పలక అందులో వేసి, డబ్బాని ఉయ్యాలలా ఊపుతూ కూర్చున్నాడు. గీతలు లేనిచోట రాగిని మందు తినేసింది. పైనున్న నలుపు తుడిస్తే కింద ఎర్రటి రాగి దారులు ఒక్కటీ తెగకుండా బయటపడ్డాయి.

చాలా రోజులకి అతని మొహం విచ్చుకుంది. పలకని తెచ్చి ఆమె కళ్ళ ముందు పట్టుకున్నాడు.

"చూడు. ఎల్, ఆర్. అచ్చు కొట్టినట్టు వచ్చాయి. ఎంత చక్కగా చదవొస్తుందో."

ఆమె చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది అడుగు వైపా, పై వైపా?"

"అడుగు వైపు. సామాన్లన్నీ అటు వైపు నుంచి కూర్చుంటాయి. కాళ్ళు ఇటొస్తాయి. ఇటు అతుకుతాను."

ఆమె కళ్ళు పలక మీద నుంచి అతని మొహం మీదికి వచ్చాయి. అక్కడ కూడా కాసేపు ఆగాయి.

"బాగా వచ్చింది," అంది. తర్వాత అడిగింది. "బస్సు ఎప్పుడు?"

"ఆదివారం సాయంత్రం."

"సంచీకి జిప్పు పోయింది. పిన్నీసులు డబ్బాలో ఉన్నాయి, పెట్టుకో."

*

శనివారం పొద్దున బోర్డుకి కరెంటు ఇచ్చాడు. చిన్న చిప్పు చిటుక్కుమంది. వెంట్రుకంత పొగ లేచి, వాసన గదంతా నిండింది. పెద్ద చిప్పు మీద వేలు పెడితే చుర్రుమంది. రిలే కింద ఒక రాగి దారి తోలులా పైకి లేచిపోయింది.

అతను ప్లగ్గు పీకి, నిలబడే ఉండిపోయాడు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే అదే. ఆపైన మిల్లు నుంచి ఫోను. వస్తున్నట్టేనా అని అడిగారు. వస్తున్నానన్నాడు.

తర్వాత వెతుకులాట మొదలైంది. చిప్పు పాతదై ఉంటుందనుకుని పార్టుల కొట్టుకి పరిగెత్తి కొత్తవి తెచ్చాడు. ట్రాన్స్‌ఫార్మరు ఎక్కువ ఇస్తోందేమోనని కొలిచి చూశాడు. అతుకులన్నీ భూతద్దం పెట్టి చూశాడు. బొమ్మలో ప్రతి గీతనీ మొదటి నుంచి వేలితో నడిచాడు. సాఫ్ట్‌వేరుని మళ్ళీ అడిగాడు. ఒక్క తప్పూ లేదంది. గీతలన్నీ సరిగ్గా ఉన్నాయి, బోర్డు మాత్రం తప్పు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఆ టిక్కు దగ్గరికి మాత్రం అతని ఆలోచన ఒక్కసారి కూడా పోలేదు. అది తెలిసిన పని.

గంట మోగింది. ఇదొక్కటి చూసి లేద్దామని దాని నోరు నొక్కాడు. మళ్ళీ మోగింది. మళ్ళీ నొక్కాడు. మూడోసారి గంటనే తీసేశాడు.

ఆమె వెల్లకిలా పడుకుని ఉంది. పైకప్పు తప్ప ఏమీ కనిపించదు. మెడ ఎంత తిప్పినా అతని వీపు మాత్రమే కనిపిస్తుంది.

"ఏమయ్యా."

"ఊఁ."

"ఏమయ్యా, వేళ దాటింది."

"ఉండు."

ఉంది. ఉండక ఎక్కడికి పోతుంది. వెలుగు గోడ మీద నుంచి పైకప్పుకి పాకి, అక్కడి నుంచీ పోయింది. అతను లేచి దీపం వేశాడు, కూర్చున్నాడు. వదిన రాలేదు, అది వదిన వచ్చే రోజు కాదు. ఇంట్లో ఇద్దరు మనుషులున్నారు. ఆ రోజంతా ఆమెని ఎవరూ ముట్టుకోలేదు.

ఆదివారం పొద్దున నర్సమ్మ వచ్చింది. ఆమెని పక్కకి తిప్పి, చీర తప్పించి చూసింది.

"ఎంతసేపు ఇలాగే ఉంచారు?"

అతను బల్ల మీది కాలిన బోర్డు వైపు చూశాడు.

"నడుము చివర ఎముక మీద తోలు పోయింది. మొన్న ఇక్కడ ఎరుపు కూడా లేదు." నర్సమ్మ సంచీలోంచి దూది తీస్తూ అంది. "మిమ్మల్నే అడిగేది. ఆవిడకి నొప్పి తెలియదు. తెలియాల్సింది మీకు."

కట్టు కట్టి, చేతులు కడుక్కుంది. "మిషను ఇవాళే నడవాలి. రేపంటే ఇది లోపలికి పోతుంది. లోపలికి పోయిందంటే ఇంక నన్ను పిలవకండి. ఆసుపత్రికి తీసుకుపోండి."

అప్పుడే వచ్చిన వదిన గుమ్మంలో నిలబడి అంతా వింది. "బానే ఉంది మరిదిగారూ. మిషను బాగుచేస్తూ మనిషిని పాడుచేశారు," అని వంటింట్లోకి వెళ్ళి గిన్నెల మీద పడింది.

అతను బల్ల ముందు కూర్చున్నాడు. మౌసు పట్టుకున్నాడు కానీ కదపలేదు. తెర మీద గీతలు ఎర్రగా, పచ్చగా, ఒక్క తప్పూ లేకుండా ఉన్నాయి. అతని భుజాలు కదిలాయి. ఏడుపు కాదది, ఏడవడం చేతకాని మనిషి చేసేదేదో అది.

"తిరగేశావు," అంది ఆమె.

అతను వెనక్కి చూశాడు. ఆమెని నర్సమ్మ గుమ్మం వైపు తిప్పి వెళ్ళింది.

"ఏంటి?"

"బోర్డు. తిరగేసి కత్తిరించావు. నీ అక్షరాలు అడుగు వైపు నుంచి చదవొస్తున్నాయి. అడుగు నుంచి సరిగ్గా చదవొచ్చిందంటే పై నుంచి తిరగబడ్డట్టే. బట్టకి మంచి వైపు, లోపలి వైపు ఉండవా? మంచి వైపు నుంచి చూసి గీశావు. లోపలి వైపు మీద గుర్తు పెట్టావు. రెండు చేతులూ ఒకే వైపుకి కత్తిరించిన చొక్కా అది."

అతను కాలిన బోర్డుని తీసుకున్నాడు. దీపానికి అడ్డం పెట్టి, పై వైపు నుంచి, రాగి నీడ కనిపించేలా చూశాడు. తెర మీది బొమ్మ పక్కన పెట్టాడు. కుడి ఎడమకుంది, ఎడమ కుడికుంది. చిన్న చిప్పుకి ప్లస్సు పోవాల్సిన కాలికి మైనస్సు పోయింది. సాఫ్ట్‌వేరు మొదటి నుంచీ పై నుంచి చూసినట్టే చూపిస్తోంది. కాగితం బోర్లించడంతోనే లెక్క సరిపోతుంది. అతను దాన్ని ఇంకోసారి తిప్పాడు.

బోర్డుని బల్ల మీద పెట్టాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"నువ్వు చూపించినప్పుడే."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. తర్వాత మళ్ళీ మొదలైంది.

"చెప్పలేదు," అన్నాడు.

"చెప్తే పోతావుగా."

అతను ఆమె మొహం చూడలేక ఆమె దుప్పటి అంచు చూశాడు.

"మిషను నడవకపోతే రెండు గంటలకోసారైనా వస్తావనుకున్నాను," అంది ఆమె. గొంతులో కోపం కూడా లేదు. "నిన్నంతా ఇక్కడే ఉన్నావు. ఉండీ రాలేదు. ఈ మాత్రానికి ఆ మిల్లులోనే ఉండు. అక్కడైతే నువ్వు లేవని తెలిసి ఊరుకుంటాను."

*

రెండో పలక ఉంది. ఆదివారం జిరాక్సు కొట్టు పదింటికి తెరుస్తారు. అతను టిక్కు తీసేశాడు. తీసేసి, ప్రింటుకి పంపకుండా ఆగాడు. తెలిసిన పనే అనుకుని ఒకసారి చెయ్యి కాల్చుకున్నాడు. ఇప్పుడు తనకి తెలిసిందేదీ తెలిసినట్టు లేదు.

తెరని ఆమె వైపు తిప్పాడు.

"చూసి చెప్పు."

అడిగాక తెలిసింది, ఎవరిని అడుగుతున్నాడో. తప్పుని చూసి బాగుందన్న నోరది. ఇంకోసారి అనకూడదని ఎక్కడుంది. పలక ఇదొక్కటే మిగిలింది. బస్సు సాయంత్రం. నడుము చివర కట్టు కింద పుండు వేళ చూసుకుంటోంది.

ఆమె ఈ మూల నుంచి ఆ మూలకి చూసింది. చిన్న చిప్పు పొట్ట కింద నుంచి తను పోనిచ్చిన దారి దగ్గర చూపు కాసేపు ఆగింది.

"సరిగ్గానే ఉంది. ఈసారి రాగి మీద అక్షరాలు తిరగబడి వస్తాయి. రానీ."

అతను ఆమె కళ్ళలోకి చూశాడు. అక్కడ ఏమీ రాసిలేదు. లేచి వెళ్ళి ప్రింటు తెచ్చాడు.

రుద్దడం, అదమడం, మూలలు, నీళ్ళు, మందు. మధ్యలో గంట మోగిన ప్రతిసారీ లేచాడు. మందు డబ్బా ఊపుతున్నప్పుడు మోగితే వదిన చేతికిచ్చి లేచాడు. రాగి మీద ఎల్, ఆర్ తిరగబడి వచ్చాయి. చదవబోతే కళ్ళకి అడ్డం పడ్డాయి. సన్నటి డ్రిల్లుతో చిల్లులు వేసి, చిప్పులు కూర్చోబెట్టి, ఒక్కొక్క కాలే అతికాడు. పెట్టెలో బిగించాడు. పరుపు గొట్టాలు తగిలించాడు.

ప్లగ్గు పెట్టేముందు ఆమె వైపు చూడలేదు.

పొగ రాలేదు. రిలే టక్కుమంది. పంపు గుర్రుమని, ఒక వరస మెల్లగా ఉబ్బింది. ఆమె ఒళ్ళు ఒకచోట లేచి, ఒకచోట దిగింది. ఆమెకి అది తెలియదు, దీపం కదిలినట్టు కనిపించి ఉంటుంది అంతే. కొంతసేపటికి మళ్ళీ టక్కుమంది. ఉబ్బిన వరస దిగి, దిగిన వరస ఉబ్బింది.

నిజమే చెప్పింది.

"బాగా చేశావు మరిదీ," అంది వదిన. 

సంచీ సర్దుకున్నాడు. జిప్పు పోయినచోట పిన్నీసులు పెట్టాడు. చెప్పులేసుకుని, మళ్ళీ విప్పి, మంచం దగ్గరికి వచ్చాడు.

"వెళ్ళేముందు ఒకసారి తిప్పుతాను. ఎటు తిప్పను?"

"గోడ వైపు."

"గోడ వైపు ఏముంది చూడ్డానికి?"

"గుమ్మం వైపు ఏముంటుంది?"

అతను ఒక చెయ్యి భుజం కిందికి, ఒక చెయ్యి కట్టుకి తగలకుండా తుంటి కిందికి పోనిచ్చాడు. ఊపిరి బిగబట్టి తిప్పాడు. మోకాళ్ళ మధ్య దిండు పెట్టాడు. దుప్పటి సర్దాడు. పంపు టక్కుమంది. ఆమె వీపు కొంచెం లేచి, కొంచెం దిగింది.

"బస్సు పోతుంది," అంది ఆమె గోడతో.

దుప్పటి మీద ముడత లేదు. అయినా అతను ఇంకోసారి సర్దాడు. తర్వాత సంచీ తీసుకున్నాడు.